ఊరి బోరుకు పూచీ ఎవరు?

బోరింగు కొట్టగానే తేటగా, చల్లగా నీరు వస్తే అది మంచి నీరే అన్నది పల్లె జనం నమ్మకం. రంగు ఉంటే తాగరు, వాసన వస్తే తాగరు, నాలుకకు ఉప్పగా తగిలితే పశువులకు పోస్తారు. తాతల నాటి ఈ పరీక్షలో తప్పేమీ లేదు. అయితే కంటికీ, ముక్కుకూ, నాలుకకూ దొరకని విషం నేలలోకి దిగిన చోట ఈ పరీక్ష పనికిరాదు. ఆ విషం పేరు ఆర్సెనిక్. పాషాణం అనే మాట వినని పల్లె లేదు. ఆ పాషాణంలోని మూలకమే ఇది. దీనికి తోడు సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం వంటి భారలోహాలు. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల చుట్టూ పారిశ్రామిక వాడలు వెలసిన పల్లెల్లో భూగర్భ జలానికి పట్టిన చీడ ఇదే. ఈ నీటికి పూచీ ఎవరన్న ప్రశ్నకు దశాబ్దాలు గడిచినా సరైన సమాధానం రాకపోవడం విచారకరం.

లీటరు తాగునీటిలో ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాముకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో నిర్దేశించింది. మన దేశపు తాగునీటి ప్రమాణాల్లోనూ అదే అంకె చేరింది. ఈ అంకెను పల్లె లెక్కలో చెప్పుకుంటే సంగతి తేలికగా బోధపడుతుంది. 5,000 లీటర్లు పట్టే ట్యాంకర్లు 20 నింపితే లక్ష లీటర్లు. ఆ 20 ట్యాంకర్ల నీటిలో ఒక్క గ్రాము, అంటే రెండు మూడు చిటికెల ఉప్పు బరువంత ఆర్సెనిక్ కలిస్తే చాలు, హద్దు నిండిపోయినట్లే. సీసానికీ హద్దు ఇంతే. కాడ్మియం, పాదరసాలకు ఇంతకన్నా తక్కువ.

ఇంత కొద్ది విషాన్ని ఇంట్లో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నీళ్లు కాచి తాగితే భయం లేదనుకునే వారు చాలా మంది ఉన్నారు. కాచితే క్రిములు చస్తాయి గాని లోహం చావదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. బ్లీచింగ్ పొడి చల్లినా, గుడ్డతో వడగట్టినా, కుండలో తేర్చినా ఫలితం లేదు. నీళ్ల డబ్బాలు అమ్మేవారు పెన్ను వంటి మీటరు ముంచి అంకె చూపించి మంచి నీరని చెప్పడం పరిపాటి అయింది. నీటిలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఎంతో ఆ మీటరు చూపుతుందే తప్ప, అందులో ఆర్సెనిక్ ఉన్నదీ లేనిదీ చెప్పలేదు.

ఇది తాగిన రోజునే పడగొట్టే విషం కాదు. ఏళ్ల తరబడి తాగగా తాగగా అరచేతులు, అరికాళ్లు గట్టిపడి ఆనెల వంటి బొడిపెలు లేస్తాయి. ఒంటి మీద నల్లని, తెల్లని మచ్చలు వస్తాయి. ఇంకా కొనసాగితే చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తులకు క్యాన్సర్ సోకే ప్రమాదం ఉన్నది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను గుల్ల చేస్తుంది. నాగలి పట్టి, కొడవలి పట్టి కాయలు కాచిన చేతుల్లో ఈ బొడిపెలను వేరుగా గుర్తించేది ఎవరు? కూలికి పోయే మనిషి నీరసం తాగే నీటి వల్లనేమోనని అనుమానించేది ఎవరు? అందుకే ఈ జబ్బు పల్లెల్లో పేరు లేకుండానే ముదురుతుంది.

పటాన్‌చెరు చెప్పే పాఠం

సికింద్రాబాద్‌కు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన పటాన్‌చెరు ఉన్నది. ఆనాటి మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. వెనుకబడిన జిల్లాకు పరిశ్రమలు రావాలని, నాలుగు చేతులకు పని దొరకాలని 1970ల మధ్య నుంచి ఇక్కడ పారిశ్రామిక వాడ ఏర్పడింది. ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారంలకు కర్మాగారాలు విస్తరించాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకొని ఉన్న బొల్లారం వేరు. ఇక్కడ చెప్పుకుంటున్నది జిన్నారం వైపున ఉన్న పారిశ్రామిక వాడ బొల్లారం. మందుల ముడిసరుకు, రసాయనాలు, పురుగు మందులు, లోహాలకు పూత వేసే పని, ఇలా ఎన్నో రకాల కర్మాగారాలు వచ్చాయి. వాటితో పాటే వ్యర్థ జలాలూ వచ్చాయి.

ఆ నీరు పోయిన దారి ఊళ్లన్నిటికీ తెలిసినదే. ఇసకవాగు, నక్కవాగుల్లోకి, కాజీపల్లి చెరువులోకి, గండిగూడెం, కిష్టారెడ్డిపేట చెరువుల్లోకి మురుగు చేరింది. నక్కవాగు పోయి మంజీర నదిలో కలుస్తుంది. వాగు పొడుగునా ఉన్న సుల్తాన్‌పూర్, బాచుగూడెం, పోచారం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్లు వాగు నీటినీ, వాగు పక్క బావుల నీటినీ నమ్ముకొని బతికినవి. పైరు మాడిపోవడం, చేపలు తేలడం, గొడ్లు ఈసుకుపోవడం మొదట రైతుల కంట పడింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల బాధలకూ నీటికీ ఉన్న సంబంధాన్ని పట్టించుకొని గొంతెత్తారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె. పురుషోత్తమరెడ్డి కాలుష్య వ్యతిరేక ఉద్యమానికి అండగా నిలిచారు.

వాగులోని మురుగు బావిలోకి ఎలా వచ్చిందన్న సందేహం కొందరికి కలగవచ్చు. ఈ ప్రాంతమంతా రాతి నేల. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద నల్లరాయి. మొరంలో నీరు ఇంకుతుంది, రాతి పగుళ్ల వెంట ప్రవహిస్తుంది. చెరువులో నిలిచిన మురుగు, గుంటలో పోసిన వ్యర్థం, వర్షానికి నానిన రసాయన మట్టి, అన్నీ ఆ దారినే దిగుతాయి. బావులు ఎండి బోర్లు లోతుకు పోయిన కొద్దీ, మోటారు లాగిన కొద్దీ, పగుళ్ల వెంట ఉన్నదంతా బోరు వైపుకే వస్తుంది. వాగు పైకి శుభ్రంగా కనిపించిన రోజున కూడా కింద చేరినది చేరినట్లే ఉంటుంది. భూమిలోకి విషం దిగడానికి కొన్నేళ్లు చాలు. దాన్ని బయటికి తీయడానికి తరాలు పట్టవచ్చు.

ఇవి ఊహలు కావు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు నేలలో ఆర్సెనిక్, క్రోమియం వంటివి పేరుకున్నట్లు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రచురించారు. ఆర్సెనిక్ ఏ దారిన మనిషిని చేరుతున్నదో పరిశీలించిన మరొక అధ్యయనం 2003లో వెలువడింది. ఈ ప్రాంతపు నీటిలో భారలోహాల తీరుపై 2009లో ఇంకొక అధ్యయనం వచ్చింది. అదే 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అతి తీవ్రంగా కలుషితమైనవని గుర్తించిన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం పేరు ఉన్నది. శాస్త్రజ్ఞులు చెప్పవలసినది చెప్పారు. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉండిపోయాయి. ఏ ఊరి ఏ బోరులో ఏమున్నదో ఆ ఊరి గోడ మీద తెలుగులో రాసి పెట్టే బాధ్యత మాత్రం ఎవరూ నెత్తికి ఎత్తుకోలేదు.

నగరానికి ఒక న్యాయం, పల్లెకు ఒక న్యాయం

పల్లెల గోడు 1990లో సుప్రీం కోర్టుకు చేరింది. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే సంస్థ పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల కాలుష్యంపై పిటిషను వేసింది. పంట నష్టపోయిన రైతులకు పరిహారం, బాధిత గ్రామాలకు తాగునీరు వంటి అంశాల మీద న్యాయస్థానం ఆదేశాలు ఇచ్చింది. 2001లో వ్యాజ్యం రాష్ట్ర హైకోర్టుకు బదిలీ అయింది. పిటిషను వేసిన ఏట పుట్టిన బిడ్డ ఈనాడు తన బిడ్డలను బడికి పంపే వయసుకు వచ్చాడు. నీటిలో విషం ఉన్నదని రుజువు చేసే బరువు ఇంత కాలమూ గ్రామస్థుల మెడ మీదనే ఉండిపోయింది.

ఇదే కాలంలో నగరపు నీటి విషయంలో జరిగినది గమనింపదగినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు హైదరాబాద్ ప్రజల తాగునీటి ఆధారాలు. వాటికి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో జి.ఓ. 111 వచ్చింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్ వద్ద ఆముదం ఆధారంగా నడిచే ఒక కర్మాగారం అనుమతి కోరిన వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. జలాశయానికి హాని కలగదని నిరూపించవలసిన భారం కర్మాగారం పెట్టదలచిన వారిదేనని 1999లో కోర్టు స్పష్టం చేసింది. హాని జరిగాక చూద్దామనే మాట తాగునీటి విషయంలో చెల్లదన్నది ఆ తీర్పు సారాంశం. జి.ఓ. 111 ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో ప్రభుత్వం వేరొక ఉత్తర్వు ఇచ్చింది. అది వేరే చర్చ. ఆ తీర్పు చెప్పిన సూత్రం మాత్రం ఎప్పటికీ నిలిచేదే.

మరి ఆ సూత్రం ఊరి బోరుకు ఎందుకు వర్తించదు? నగరవాసి తాగే జలాశయం పక్కన కర్మాగారం పెట్టేవాడు ముందుగా రుజువు చూపాలి. కాజీపల్లి రైతు తాగే బావి పక్కన కర్మాగారం ఉంటే రైతే రుజువు చూపాలి. 1965 నుంచి మంజీర నీరు గొట్టాల్లో జంటనగరాలకు పోతున్నది. నది తమ జిల్లాదే, నీరు తమ పక్కనుంచే పోతున్నది, తాగడానికి మాత్రం బిందెడు మంచినీళ్లు లేవన్న దుస్థితిని ఎన్నో ఊళ్లు ఏళ్ల తరబడి అనుభవించాయి. నగరానికి నీరు పోవద్దని ఎవరూ అనరు. పల్లె ప్రాణమూ ప్రాణమేనని గుర్తించమనే అడుగుతున్నారు.

గొట్టం మారితే విషం పోతుందా?

వ్యర్థ జలాల శుద్ధికి ఏ ప్రయత్నమూ జరగలేదనడం సరికాదు. సికింద్రాబాద్‌కు చేరువలోని జీడిమెట్లలో 1989లోనూ, పటాన్‌చెరులో 1994లోనూ ఉమ్మడి శుద్ధి కేంద్రాలు రూపుదిద్దుకున్నాయి. అవి లేని రోజుల కన్నా ఉన్న రోజులు మేలే. అయితే శుద్ధి అనే మాటకు అర్థం ఎంతవరకన్నది ప్రశ్న. పటాన్‌చెరు కేంద్రం నుంచి శుద్ధి తర్వాత బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే క్రిమిసంహారక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించి ప్రపంచాన్నే ఉలిక్కిపడేలా చేశారు. ఒక మందు అంత మోతాదులో జారిపోయినప్పుడు, విడివిడిగా కొలిస్తే తప్ప తెలియని లోహాల మాట ఏమిటన్న అనుమానం పల్లెజనానికి కలగడంలో వింత లేదు.

తర్వాత ఆ నీటిని నక్కవాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టం వేసి, నగరపు మురుగు కాలువ ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు 2009లో మొదలైంది. నక్కవాగు పల్లెలకు కొంత ఊరట దక్కిన మాట నిజం. కాని అంబర్‌పేట దాటిన నీరు పోయేది మూసీలోకే. ఆ మూసీ నీటితోనే ప్రతాపసింగారం, కొర్రెముల, పిల్లాయిపల్లి వైపు వరి పండుతున్నది, గడ్డి పెరుగుతున్నది. ఆ గడ్డి తిన్న గేదె పాలు మళ్లీ నగరానికే చేరుతున్నాయి. ఒక ఊరి విషాన్ని ఇంకొక ఊరి గడపకు తరలించి సమస్య తీరిందనుకోవడం ఇంట్లో చెత్త ఊడ్చి పక్కింటి వాకిట్లో పోసినట్లే.

గోదావరి, కృష్ణా జలాలను ఇంటింటికీ అందించే మిషన్ భగీరథ పథకం 2016లో ఉమ్మడి మెదక్ జిల్లా గజ్వేల్ మండలం కోమటిబండ వద్ద ప్రారంభమైంది. కలుషిత ప్రాంతాలకు నది నీటికి మించిన మందు లేదు. అయినా దానితో బోరు కథ ముగియలేదు. కుళాయి నీరు ఆగిన నాడు బిందె బోరు దగ్గరికే పోతుంది. పొలంలో కూలీలు దాహం తీర్చుకునేది మోటారు దగ్గరే. పశువుల తొట్టి నిండేదీ, కూరగాయల మడి తడిసేదీ బోరు నీటితోనే. ఊరూరా వెలసిన నీళ్ల ప్లాంట్లు చాలా వరకు ఆ బోరు నీటినే వడపోసి డబ్బాల్లో అమ్ముతున్నాయి. కుళాయి వచ్చింది గనుక భూగర్భ జలం ఏమైపోయినా ఫరవాలేదనే ధోరణి ఎంత మాత్రం తగదు.

బెంగాల్ నేర్పిన గుణపాఠం

ఆర్సెనిక్ అనగానే ప్రపంచానికి గుర్తుకు వచ్చేది బంగ్లాదేశ్. చెరువు నీరు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశంతోనే వేశారు. కాని ఆ నీటిలో ఆర్సెనిక్ ఉన్నదేమోనని ఎవరూ చూడలేదు. పశ్చిమ బెంగాల్‌లో 1983లో డాక్టర్ కె.సి. సాహా అనే చర్మవైద్యుడు రోగుల చేతుల మీది బొడిపెలను చూసి నీటిని అనుమానించారు. బంగ్లాదేశ్‌లో 1993లో విషయం బయటపడింది. అప్పటికే కోట్ల మంది ఆ నీరు తాగుతున్నారు. ఆ తర్వాత సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, హద్దు దాటిన వాటికి ఎర్ర రంగు, తాగదగిన వాటికి ఆకుపచ్చ రంగు వేశారు. అక్షరం రాని అవ్వకూ, బడికి పోని పాపకూ ఏ బోరు దగ్గర బిందె పెట్టాలో ఆ రంగే చెప్పింది.

అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉన్నది. బెంగాల్ నేలలో ఆర్సెనిక్ ప్రకృతి సిద్ధంగా ఉన్నది, దానికి నిందించవలసిన వారు లేరు. పటాన్‌చెరు వంటి చోట్ల అది మనుషుల చేతుల మీదుగా నేలలో పడింది. కనుక ఇక్కడ బాధ్యులూ ఉన్నారు, ఆపే అవకాశమూ ఉన్నది. మన నల్లగొండ జిల్లా ఫ్లోరైడు వ్యథ కూడా కళ్ల ముందే ఉన్నది. నీటి పరీక్ష కన్నా ముందు పిల్లల పళ్లు, పెద్దల వెన్నెముకలు ఆ సంగతి చెప్పాయి. భారలోహాల విషయంలోనూ మనుషుల ఒళ్లే పరీక్ష పత్రాలు కావాలా?

చేయవలసినదేమిటి?

పారిశ్రామిక వాడలకు దగ్గరగా ఉన్న ప్రతి గ్రామంలోనూ, ఆ వాడల మురుగు వాగు పొడుగునా ఉన్న ప్రతి గ్రామంలోనూ తాగడానికి వాడే ప్రతి బోరునూ, ప్రతి నీళ్ల ప్లాంటునూ ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి, లోహాల కోసం పరీక్షించాలి. గ్రామాల్లో ఇచ్చే పరీక్ష పెట్టెతో ఫ్లోరైడు, గట్టిదనం, ఇనుము వంటివి తెలుస్తాయి. సీసం, కాడ్మియం, పాదరసం వంటివి తెలియాలంటే నమూనాను సరైన పరికరాలున్న ప్రయోగశాలకు పంపవలసిందే. పరీక్ష జరిగిందన్న మాటతో తృప్తి పడకుండా ఏయే వాటికి జరిగిందని అడగడం గ్రామస్థులు నేర్చుకోవాలి.

ఆ ఫలితాన్ని తెలుగులో, తేదీతో సహా బోరు పక్కన పలక మీద రాయాలి. తాగరాని బోరుకు ఎర్ర రంగు వేయాలి. ఇందుకు కోట్లు అక్కరలేదు, డబ్బా రంగు చాలు. ఊరు బెదిరిపోతుందనీ, భూముల ధర పడిపోతుందనీ ఫలితాలు దాచడం కన్నా ఘోరం ఇంకొకటి ఉండదు. తెలియని విషం కన్నా తెలిసిన విషమే నయం. తెలిస్తే కనీసం తాగకుండా ఉండవచ్చు.

కర్మాగారం లోపలా, ప్రహరీ చుట్టూరా పరిశీలన బావులు తవ్వించి, ఆ నీటి లెక్కలు నెలనెలా గ్రామ పంచాయతీకి గాని, మున్సిపాలిటీకి గాని ఇచ్చే బాధ్యత యాజమాన్యాలదే కావాలి. హాని లేదని చూపవలసింది వారు. పెద్దషాపూర్ వ్యవహారంలో సుప్రీం కోర్టు చెప్పిన మాటకు పల్లెలో అర్థం ఇదే. ఏనాడో గుంటల్లో పోసి మట్టి కప్పిన వ్యర్థాలను వెలికి తీయించే పనిని ప్రభుత్వం ఇక వాయిదా వేయరాదు. వాన పడ్డ ప్రతి సారీ ఆ గుంటల నుంచి విషం మళ్లీ దిగుతూనే ఉంటుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేతుల మీది బొడిపెలు, ఒంటి మచ్చలు చూసినప్పుడు ఏ బోరు నీరు తాగుతున్నావని అడిగి రాసుకునే అలవాటు రావాలి. ఒక చిన్న ప్రశ్నే బెంగాల్‌లో పెద్ద నిజాన్ని బయటికి తెచ్చింది.

ఇవన్నీ అడిగితే పరిశ్రమలు పోతాయనీ, బతుకుతెరువు పోతుందనీ బెదిరించేవారు ఉంటారు. ఆ వాడల్లో పనిచేసి పిల్లలను చదివించుకుంటున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ కాదనరు. అయితే కూలి డబ్బులు తెచ్చిన చేత్తోనే విషపు బిందె కూడా ఇంటికి తెచ్చుకోవాలనే నియమం ఎక్కడా లేదు. వ్యర్థాన్ని శుద్ధి చేసే ఖర్చు సరుకు ధరలో కలవాలి గాని పల్లె మనిషి ఆస్పత్రి ఖర్చులో కలవరాదు. పద్ధతిగా నడిచే కర్మాగారానికి పరీక్షంటే భయం ఉండనక్కరలేదు. రాత్రిపూట ట్యాంకరు తిప్పి వాగులో వదిలేవారికే ఆ భయం ఉంటుంది.

గ్రామసభలు ఈ విషయంలో చొరవ చూపవలసి ఉన్నది. రోడ్లకూ వీధి దీపాలకూ తీర్మానాలు చేసే సభ, తమ ఊరి ప్రతి తాగునీటి బోరుకు లోహాల పరీక్ష కావాలని కూడా ఒక తీర్మానం చేసి కలెక్టరుకు, గ్రామీణ నీటి సరఫరా అధికారులకు, కాలుష్య నియంత్రణ మండలికి పంపవచ్చు. ఇంతకు ముందు జరిగిన పరీక్షల నివేదికలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. అడిగే హక్కు ఉన్నది, ఇవ్వవలసిన బాధ్యత ఉన్నది. బోరు వేసిన నాడు కొబ్బరికాయ కొట్టడానికి నాయకులు వస్తారు, ఫొటోలు పడతాయి. ఆ బోరు నీటి పరీక్ష కాగితం మీద సంతకం పెట్టి, ఈ నీరు తాగవచ్చునని పూచీ ఇచ్చే అధికారి కూడా అదే బోరు దగ్గరికి రావాలి. ఆ సంతకం లేని నీటిని పిల్లల నోటికి అందించే ముందు ఏ తల్లి అయినా ఒకసారి అడిగి తీరవలసిందే.